పని మానేసినా కార్డు చచ్చిపోదు

గోపాలపట్నం
గురువారం రాత్రి

అమ్మలూ,

సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, పని మానేసినోళ్ళకి ఈఎస్ఐ వాళ్ళు ఏటిస్తారు? ఎవరి దగ్గరైనా అప్పు తెద్దామంటే వినడం లేదు. సోమవారం ఒక్కతే వెళ్తాదట" అని ఏడుపు గొంతుతో చెప్పింది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఫోన్ పెట్టేసి చాలాసేపు గుమ్మంలో కూర్చున్నాను. మీ అత్త వచ్చి "ఎవరికేమయింది" అని అడిగితే, "అమ్మలు చెయ్యి విరిగింది, కానీ బుర్ర బాగానే ఉంది" అన్నాను.

నిజంగా గర్వంగా ఉంది. మన ఇళ్ళల్లో దెబ్బ తగలగానే ముందు గుర్తొచ్చేది వడ్డీ వ్యాపారి. నీకు నీ ఈఎస్ఐ కార్డు, అదే కంపెనీ పనివాళ్ళ బీమా కార్డు, గుర్తొచ్చింది. కానీ భయంగా కూడా ఉంది, అందుకే రాస్తున్నాను. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది. మధ్యలో బుజ్జిది ఏడుస్తుంది, నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు. కాగితం అయితే బ్యాగ్‌లో పెట్టుకుంటావు. పొద్దున్నే మీ బావ డ్యూటీకి వెళ్తూ కూర్మన్నపాలెంలో ఇచ్చేస్తాడు.

ముందుగా ఒక్క మాట. సోమవారం దాకా ఆగకు. రేపు శుక్రవారమే వెళ్ళు. నువ్వు మంగళవారం సాయంత్రం మెట్ల మీద జారావు. ఆ రాత్రే పక్కన ప్రైవేటు డాక్టర్ దగ్గర ఎక్స్‌రే తీయించుకుని కట్టు వేయించుకున్నావు, మంచిదే. కానీ ఈఎస్ఐ వాళ్ళు డబ్బు లెక్కపెట్టేది వాళ్ళ డాక్టర్ నిన్ను చూసి సర్టిఫికెట్ రాసిన రోజు నుంచి. నువ్వు ఇంట్లో పడుకున్న రోజులు నీకు నొప్పిగానే ఉంటాయి, వాళ్ళ పుస్తకంలో మాత్రం ఉండవు. పైగా మొదటి రెండు రోజులకి ఎలాగూ డబ్బు ఇవ్వరు, అది వాళ్ళ రూలు. కాబట్టి ఎంత బేగి వెళ్తే అంత మంచిది.

ఇక మీ అమ్మ భయం. "పని మానేసింది కదా, ఇంకేం ఉంటుంది" అని. ఆ మాట మీ పాత కంపెనీ ఆఫీసులో కూడా ఎవరో అన్నారట కదా, మానేస్తే ఈఎస్ఐ క్లోజ్ అయిపోతుందని. అలా అవదు అమ్మలూ. ఇది బాగా అర్థం చేసుకో, ఎందుకంటే కౌంటర్ దగ్గర కూడా ఎవరో ఒకరు ఇదే అనొచ్చు. ఈఎస్ఐలో సంవత్సరాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నువ్వు కట్టినదానికి ఫలితం వెంటనే రాదు, వచ్చే జనవరి నుంచి జూన్ దాకా వస్తుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు దాకా. ఖరీఫ్‌లో నాటింది సంక్రాంతికి ఇంటికొచ్చినట్టు అనుకో. ఒక్కో ముక్కలో 78 రోజులైనా కట్టి ఉండాలి, అంతే. నువ్వు కిందటేడు అక్టోబరు నుంచి ఈ మార్చి దాకా ఒక్క పూట మానకుండా దువ్వాడ కంపెనీకి వెళ్ళావు, కాబట్టి ఈ డిసెంబరు దాకా నీకు హక్కు ఉంది. మళ్ళీ ఏప్రిల్ నుంచి మొన్న సెప్టెంబరు నెలాఖరు దాకా చేశావు, కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా కూడా ఉంది. ఈ అక్టోబరులో నీకు ఏ కంపెనీ లేకపోవచ్చు. కార్డు మాత్రం బతికే ఉంది.

అది దానం కాదని కూడా గుర్తుంచుకో. నీకు 15,600 జీతం అనుకుంటే అందులో నూటికి ముప్పావు రూపాయి చొప్పున నెలకి 117 రూపాయలు కోసేవారు. దానిమీద కంపెనీ నూటికి 3.25 చొప్పున 507 కట్టాలి. నెలకి 624. ప్రతి నెలా. ఆ కోత చూసి నువ్వే ఒకసారి "ఎందుకు మావయ్యా ఇది, ఒక చీర డబ్బులు పోతున్నాయి" అన్నావు. ఇదిగో, ఇందుకు. రోజుకి సగటున 600 పడితే అందులో నూటికి 70, అంటే 420 చొప్పున నీ బ్యాంకు ఖాతాలో వేస్తారు. రెండు వరస ముక్కలు కలిపి ఏడాదికి 91 రోజుల దాకా. డాక్టర్ ఆరు వారాలు రాస్తే, ఆ రెండు రోజులు పోను 40 రోజులకి 16,800 సుమారు. అల్లుడు ఆటో మీద తెచ్చేది, ఇదీ కలిస్తే అద్దె, పాలు, బుజ్జిదాని స్కూలు ఫీజు గడిచిపోతాయి. అప్పు అక్కర్లేదు.

నా కుడి చెయ్యి ఎందుకు అలా వంకరగా ఉంటుందని చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి. దెబ్బ తగిలిందమ్మా అనేవాడిని. పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి కూడా సగమే తెలుసు. ఇప్పుడు నీ చెయ్యి కూడా అదే, మణికట్టు, కుడిది. అందుకే చెప్తున్నాను.

2003. అప్పుడు నేను ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డర్‌ని. మంచి చెయ్యి అని పేరు. పైపు చుట్టూ కుట్టు వేస్తే వేలు పెట్టి తడిమి చూసేవారు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. జూన్ నెలాఖరుకి ఆ పని అయిపోయింది, మమ్మల్ని పంపించేశారు. ఆగస్టులో ఇంకో కాంట్రాక్టర్ దగ్గర పని ఖాయమైంది. మధ్యలో నెల ఖాళీ. ఆషాఢ పౌర్ణమి వచ్చింది. పని ఉన్నప్పుడు ఎలాగూ కుదరదు, ఈసారి సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ చేద్దామని మీ అత్తా నేనూ బయల్దేరాం. ముప్పై రెండు కిలోమీటర్లు. రాత్రంతా వాన. అడివివరం దాటి, హనుమంతవాక దాటి, జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రంలో స్నానానికి దిగబోయి పాచి పట్టిన రాయి మీద జారాను. చెయ్యి కింద పెట్టి పడ్డాను. టప్‌మని శబ్దం నాకే వినిపించింది. అయినా ప్రదక్షిణ మధ్యలో ఆపకూడదని మీ అత్త చీర చెంగు చింపి కట్టుకుని మిగతాది నడిచాను. అది భక్తి అనుకున్నాను. ఇప్పుడైతే మొండితనం అంటాను, దేవుడు నన్ను నడవమని అడగలేదు.

అప్పటికి నా దగ్గర ఈఎస్ఐ కార్డు ఉంది అమ్మలూ. ఫ్యామిలీ ఫోటో అంటించినది. ఆ ఫోటోలో మీ బావ మీ అత్త ఒళ్ళో ఉంటాడు. షెడ్డు నుంచి వచ్చిన రోజే దాన్ని ట్రంకు పెట్టెలో అడుగున, పెళ్ళి పట్టుచీర కింద పెట్టేశాను. పని పోయింది, కార్డు పోయింది అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు, తప్పు అక్కడ ఉంది. పని లేనప్పుడు మనిషికి అడగడానికి సిగ్గేస్తుంది. తోటివాళ్ళు డ్యూటీకి వెళ్తుంటే వాళ్ళ ఎదురుగా కట్టు చేత్తో నిలబడి "నాకేమైనా వస్తుందా" అని అడగలేకపోయాను. పొద్దున్న ఏడుకి అందరూ వెళ్ళిపోయాక గానీ వీధిలోకి వచ్చేవాడిని కాదు.

ఎవరో చెప్తే నాటు కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళాను. వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, ఏదో పసరు. ఎక్స్‌రే లేదు. అన్నానికి, కట్టుకి, అద్దెకి నూటికి ఐదు రూపాయల వడ్డీకి పది వేలు తెచ్చాను. అది చాలక మీ అత్త మెళ్ళో బంగారు నాను గాజువాకలో తాకట్టు పెట్టాం. "నెల రోజుల్లో విడిపిస్తాను" అన్నాను. ఆవిడ నవ్వి మెళ్ళో పసుపుతాడు వేసుకుంది.

ఆగస్టు మొదట్లో కొత్త కాంట్రాక్టర్ నుంచి కబురు. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు. ఇరవై అయిదో రోజున నా కట్టు నేనే కోసేసుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళి చేరాను. దెబ్బ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజు హోల్డర్ పట్టుకుంటే చెయ్యి వణికింది. రెండో రోజు మణికట్టు లోపల ఏదో జరిగినట్టయింది. వారం తిరిగేసరికి ఫోర్‌మన్ నా కుట్టు చూసి "ఇది నీదేనా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను హెల్పర్ పనిలోకి మార్చారు, కూలి కూడా ఆ లెక్కనే. ఎముక వంకరగా అతుక్కుపోయింది. మళ్ళీ ఎప్పుడూ వెల్డింగ్ చెయ్యలేదు.

ఆ డిసెంబరులో మీ బావకి జ్వరం. తోటి పనివాడు ఒకడు "ఈఎస్ఐకి తీసుకెళ్ళు, ఊరికే మందులిస్తారు" అని చెప్తే, పెట్టె అడుగు నుంచి ఆ కార్డు తీసి డిస్పెన్సరీకి వెళ్ళాను. అక్కడి క్లర్కు పుస్తకం చూసి, నా చెయ్యి చూసి, ఎప్పుడు తగిలిందని అడిగాడు. చెప్పాను. "జూలై నుంచి ఈ నెలాఖరు దాకా నీకు ఉందయ్యా. ఎక్స్‌రే, కట్టు, నెలల తరబడి డబ్బు, అన్నీ ఉన్నాయి. ఎందుకు రాలేదు?" అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఆ బెంచీ మీద పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. నాలుగు వీధుల అవతల డిస్పెన్సరీ, పెట్టెలో కార్డు. మధ్యలో నా చెయ్యి పోయింది, మీ అత్త నాను పోయింది. అది మళ్ళీ విడిపించలేకపోయాం.

తర్వాత చాలా ఏళ్ళకి ఎవరో చెప్తే, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం క్యాంపుకి వెళ్ళాను. చెయ్యి తిప్పి చూసి 40 శాతం కన్నా తక్కువ రాశారు. 40 ఉంటేనే వికలాంగుల పింఛను. ఇప్పుడది 6,000 అయింది. వాళ్ళు రాసింది తప్పని నేను అనను. కానీ మనిషి జీవనాధారం పోవడానికి 40 శాతం అక్కర్లేదు, వెల్డర్‌కి మణికట్టు చాలు. నీలా కుట్టు మిషన్ మీద కూర్చునేదానికి కూడా అంతే.

అందుకే చెప్తున్నాను, తిట్టినట్టు ఉంటే ఉండనీ: నవంబరు ఒకటిన అచ్యుతాపురంలో కొత్త కంపెనీలో చేరిపోతానని మీ అమ్మతో అన్నావట. చేరకు. డాక్టర్ ఫిట్ అని ఆఖరి సర్టిఫికెట్ రాసేదాకా మిషన్ ముట్టుకోకు. నీ కుడి చెయ్యి బట్టని నడపాలి, రోజంతా, సూది కిందకి. అది వంకరగా అతికితే పెడల్ తొక్కడానికి కాళ్ళు ఎంత బాగున్నా ఏం లాభం? కొత్త కంపెనీకి రేపే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎక్స్‌రే ఫోటో పంపించు. తేదీ జరపమని అడుగు. వాళ్ళు ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీ దొరుకుతుంది, అచ్యుతాపురంలో మిషన్లకి కరువు లేదు. చెయ్యి ఇంకోటి దొరకదు. నీకు కోపం వస్తే రానీ.

రేపటి సంగతి. ఆధార్, పెహచాన్ కార్డు (అదే నీ ఈఎస్ఐ కార్డు), బ్యాంకు పాస్‌బుక్, ప్రైవేటు డాక్టర్ చీటీ, ఎక్స్‌రే, ఆఖరి నెల జీతం చీటీ తీసుకెళ్ళు. అన్నిటికీ రెండేసి జిరాక్సులు. ఆధార్‌లో నీ ఇంటిపేరు పెళ్ళి తర్వాత మార్చావు, ఈఎస్ఐలో పాతదే ఉందేమో బయల్దేరే ముందే చూసుకో. ఆ ఒక్క అక్షరం దగ్గరే ఎంతోమంది ఆగిపోతారు. బ్యాంకు ఖాతా కూడా పనిచేస్తోందో లేదో అల్లుణ్ణి చూడమను.

కాగితాలు పాలిథిన్ కవర్లో పెట్టు. నవ్వకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా రేకులు లేచిపోయి, ట్రంకు పెట్టెలో నీళ్ళు నిండి, కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఆ ఫోటో ఉన్న కార్డు కూడా అప్పుడే పోయింది. అప్పటి నుంచి ఆకాశం మబ్బు పడితే మీ అత్త ముందు బియ్యం చూస్తుంది, నేను కాగితాలు చూస్తాను. ఫోన్‌లో ఫోటోలు కూడా తీసి మీ బావకి పంపించు.

నీ కార్డులో ఏ డిస్పెన్సరీ రాసి ఉందో ముందు అక్కడికే వెళ్ళు. అక్కడి డాక్టర్ అవసరమైతే మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి రాస్తారు. ఎముక చూసి ఆపరేషన్ కావాలంటే, అక్కడ కుదరకపోతే, వాళ్ళతో ఒప్పందం ఉన్న పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తారు. ఆ రిఫరల్ కాగితం చేతిలో లేకుండా ఏ పెద్దాసుపత్రి మెట్లూ ఎక్కకు, బిల్లు నీ నెత్తిన పడుతుంది. మళ్ళీ ఎప్పుడు రమ్మని డాక్టర్ తేదీ చెప్తే ఆ తేదీకే వెళ్ళు, సర్టిఫికెట్ల మధ్య ఒక్క రోజు ఖాళీ వచ్చినా ఆ రోజు డబ్బు పోతుంది. సర్టిఫికెట్ ఉన్న రోజుల్లో ఎవరి దగ్గరా కూలికి పని చెయ్యకు. పక్కింటివాళ్ళ జాకెట్లు ఎడమచేత్తో కుట్టేస్తానన్నావట, అదీ వద్దు. పని చేస్తూ ఆ రోజులకే డబ్బు తీసుకుంటే తప్పవుతుంది. చేతికి కూడా మంచిది కాదు.

ఇంకో సంగతి. "కంపెనీలోనే పడ్డానని చెప్పు, ఎక్కువ ఇస్తారు" అని మీ వీధిలో ఎవరో సలహా ఇచ్చారని విన్నాను. పనిలో తగిలిన దెబ్బకి నూటికి 90 ఇస్తారు, నిజమే. కానీ నీది పనిలో తగలలేదు. నెలాఖరున మానేసిన మనిషి పదిహేను రోజుల తర్వాత కంపెనీలో పడ్డానంటే అక్కడితో నీ నిజమైన హక్కు కూడా అనుమానంలో పడుతుంది. బకెట్టు పట్టుకుని మెట్ల మీద జారాను, తేదీ ఇది, టైము ఇది, అప్పటికి ఏ కంపెనీలోనూ లేను. డాక్టర్ అడిగినా క్లర్కు అడిగినా ఇదే మాట, ప్రతిసారీ. అలాగే పని పోయినవాళ్ళకి ఇచ్చే అటల్ పథకం ఒకటి 2018 నుంచి ఉంది. దాని పేరు ఇక్కడ ఎత్తకు. అది పని పోయినందుకు, నువ్వు అడుగుతున్నది ఒంట్లో బాగోలేనందుకు. రెండూ కలిపి మాట్లాడితే నిన్ను ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిప్పుతారు. "సిక్‌నెస్ బెనిఫిట్" అను, ఆ మాటే అను.

పీఎఫ్‌లో వైద్యానికి అడ్వాన్సు తీసుకోవచ్చు, డాక్టర్ కాగితం కూడా అడగరు. అది ఉందని తెలిస్తే చాలు. ఈఎస్ఐ డబ్బు ఆలస్యమై ఇంట్లో బియ్యం నిండుకుంటే తప్ప దాన్ని ముట్టుకోకు. నిండుకునే ముందు మా ఇంటికి ఫోన్ చెయ్యి.

నవంబరులోనో డిసెంబరులోనో కొత్త కంపెనీలో చేరేటప్పుడు నీ పాత ఈఎస్ఐ నంబరే ఇవ్వు. తొందరలో వాళ్ళు కొత్త నంబరు పుట్టించేస్తే ఇన్నాళ్ళు కట్టింది ఒకచోట, ఇక కట్టబోయేది ఒకచోట అయిపోతుంది. పది అంకెలు, బుజ్జిదాని నోట్‌బుక్ అట్ట మీద రాసి పెట్టుకో.

జడ నువ్వే వేసుకోవడానికి ప్రయత్నించకు. మీ అమ్మ చేత వేయించుకో. గిన్నెలు అల్లుణ్ణి తోమమను, నేను చెప్పానని చెప్పు.

ఒక్కతే వెళ్తానన్నావు. ఆ మాటకి అడ్డు రాను. రేపు పొద్దున్న ఎనిమిదిన్నరకి డిస్పెన్సరీ బయట ఉంటాను, లోపలికి మాత్రం రాను. కౌంటర్ దగ్గర నువ్వే మాట్లాడు. బయట బెంచీ ఉంటుంది కదా, దాని మీద కూర్చుంటాను. నీ ఎక్స్‌రే కవరు నేను పట్టుకుంటాను, నీకు ఒక్క చెయ్యే ఖాళీ.

మీ మావయ్య